గౌలిగూడలో బోర్డు లేని ఎలక్ట్రికల్ షాపు: మా నాన్న బుల్లెట్‌కి చార్జింగ్ తిరిగొచ్చింది

షాపుకి పేరు లేదు, బోర్డు లేదు. 2018లో కూలిపోయిన గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు గుర్తుందా? అటు నుంచి పుత్లీబౌలి వైపు వచ్చే సందుల్లో ఒకదాంట్లో, టైర్ల గుట్ట పక్కన సగం ఎత్తిన షట్టరు. లోపల అరవై దాటిన ఉస్తాద్, ఒక కుర్రాడు, గోడ నిండా వైర్ల చుట్టలు. కూర్చోడానికి బోర్లించిన ఆయిల్ డబ్బా ఒకటుంది, అది కూడా ముందొచ్చిన వాళ్లకే.

నా బండి 1998 బుల్లెట్ 350. కుడికాలు గేరు, పాయింట్ల ఇగ్నిషన్, సెల్ఫ్ లేదు. మా నాన్నది. హెడ్‌లైట్ పైన, బ్యాటరీకి కరెంటు వస్తోందా పోతోందా చూపే ఆంపియర్ మీటరు ముల్లు ఉంటుంది కదా, దాన్ని చూసే కిక్కు కొట్టడం నేర్పించాడు నాకు. తాళం తిప్పితే ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కిక్కుని మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట మధ్యకి వస్తుంది. అక్కడ డీకంప్రెసర్ (ఇంజనులో బిగిసిన గాలిని వదిలే చిన్న మీట) నొక్కి, ఇంకొంచెం కిందికి జరిపి, వదిలేసి ఒక్క తన్ను. అంతే, బలంతో పని లేదు.

ఈ ఏడాది ఆ ముల్లే నన్ను ఏడిపించింది. నల్లకుంట నుంచి ఆబిడ్స్‌లో ఆఫీసుకి రోజూ తిరిగితే నాలుగో రోజుకల్లా బ్యాటరీ డౌన్. బ్యాటరీ లేకపోతే ఈ బండికి స్పార్కే రాదు, ఇక ఎన్ని తన్నులు తన్నినా దండగ. విచిత్రం ఏంటంటే యాదగిరిగుట్ట దాకా పోయొస్తే మాత్రం ఏ పేచీ లేదు. ఊళ్లో సిగ్నల్స్ దగ్గరే ప్రాణం తీసేది.

ఇంటి దగ్గర షాపులో చూపించాను. పేరు అనవసరం. ముందు "సార్‌ను పంపండి మేడమ్, ఆయనకు చెప్తాం" అన్నారు. ఆ సార్ పోయి ఆరేళ్లయింది. తర్వాత కొత్త బ్యాటరీ వేశారు. నెలకి అదీ పడుకుంది. కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫయర్ మార్చారు. మళ్లీ పడుకుంది. ఇంకో బ్యాటరీ వేశారు. రెండు బ్యాటరీలు 2,700, రెక్టిఫయర్ 900, మొత్తం 3,600. ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా బండికి వోల్టేజీ కొలిచే మీటరు పెట్టగా నేను చూడలేదు. లెక్క తేలకపోతే నిద్ర పట్టని ఉద్యోగం నాది, ఇక నావల్ల కాలేదు.

ఉస్తాద్ దగ్గరికి ఆఫీసులో డ్రైవరన్న చెప్తే వెళ్లాను. నేను చెప్పేది మొత్తం విన్నాక మొదటి ప్రశ్న: "హెడ్‌లైట్ మంచిగ వస్తుందా బేటీ?" వస్తుందన్నాను. "బరాబర్. ఈ బండిల లైట్‌కి వేరే చుట్టు, బ్యాటరీకి వేరే చుట్టు. లైట్ వచ్చుడు చూసి మోసపోవద్దు."

నా బ్యాటరీ 11.8 వోల్టులు చూపించింది. దాన్ని పక్కన పెట్టి తన దగ్గరున్న నిండు బ్యాటరీ తగిలించాడు. డౌన్ అయిన బ్యాటరీతో చార్జింగ్ కొలిస్తే లెక్క తప్పు వస్తుందట. ఆ నిండు బ్యాటరీ 12.7 ఉంది. బండి స్టార్ట్ చేసి రేజ్ చేస్తే 14 దగ్గరికి పోవాలి. పదమూడు దాటలేదు. "బ్యాటరీ మంచిదే బేటీ, దానికి తిండే పోతలేదు."

ఇంజను ఆపి రెక్టిఫయర్ సాకెట్ ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి, ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే రెండు తీగల మధ్య ఏసీ వోల్టులు కొలిచాడు. రేజ్ చేసేకొద్దీ ముప్పై దాటి పోయింది. కాయిల్ బాగున్నట్టే కదా అన్నాను. ఆయన మాట్లాడకుండా ఇంజను ఆపి, మీటరుని బజరు మీదికి తిప్పి, ఒక పుల్ల తీగకి, ఇంకో పుల్ల ఇంజను బోల్టుకి ఆనించాడు.

బీప్.

ఆ చప్పుడు రాకూడదు. చార్జింగ్ తీగ ఏదీ బాడీకి తగలకూడదు. ఒకటి తగిలిందంటే ఏసీ కరెంటు అటూ ఇటూ మారే విడతల్లో సగమే బ్యాటరీకి పోతుంది, మిగతా సగం రెక్టిఫయర్‌లోనే తిరిగి దాన్ని కాలుస్తుంది. రోడ్డు మీద స్పీడుగా పోతే ఆ సగం కూడా సరిపోయేది, సిగ్నల్ దగ్గర చాలేది కాదు. యాదగిరిగుట్ట గుట్టు ఇదన్నమాట! పాత రెక్టిఫయర్ ఎందుకు పోయిందో కూడా తెలిసింది. రెండు తీగల మధ్య మాత్రమే కొలిచి ఊరుకునేవాడైతే కాయిల్ ఓకే అని ఇంకో రెక్టిఫయర్ వేసేవాడు.

ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేకు పెడల్ తీసి, ఇంజను పక్కన ఈ కాయిల్ ఉండే చైన్‌కేస్ మూత విప్పాడు. అంత మూతకీ మధ్యలో ఒక్కటే నట్టు. తీగలు వెనక్కి బయటికొచ్చే బొక్కలో రబ్బరు బుష్ నూనెకి, వేడికి రాయిలా అయి ముక్కలైపోయింది. అల్యూమినియం అంచు తీగని కోసి పెట్టింది. నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. మెంతి గింజంత రాగి, తళతళా మెరుస్తోంది. నా 3,600 అందులో పోయాయి.

కొత్త కాయిల్ అక్కర్లేదన్నాడు. టేపు చుట్టి పంపలేదు కూడా. కొత్త తీగ అతికించి సోల్డర్ చేసి, స్లీవ్ వేసి, బుష్, మూత సీలు, ఆయిల్ మార్చాడు. రేజ్ చేసి నా చేతికే మీటరు ఇచ్చాడు: 14.1. నా బ్యాటరీని రాత్రంతా అర ఆంపియర్ మీద మెల్లగా చార్జింగ్ పెట్టి మర్నాడు ఇచ్చాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. కూలి 700, సామాను 380.

అన్నీ మంచివే అనను. నాలుగింటికి రమ్మని ఏడున్నర చేశాడు. బిల్లు ఉండదు, అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తాడు. ఫోన్ ఎత్తడు. తొందరలో ఉన్నవాళ్లకి ఈ షాపు సరిపడదు. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది, నమాజు అయి భోంచేసి వచ్చేసరికి మూడు దాటుతుంది.

రెండో రోజు హారన్ మోగలేదు. వైరు తిరిగి పెట్టడం మర్చిపోయారు. వెనక్కి వెళ్తే ఉస్తాద్ కుర్రాడి వైపు ఒక్క చూపు చూసి, తనే వచ్చి తగిలించాడు. పైసలు అడగలేదు. నేను వచ్చేటప్పుడు గుజరాతీ గల్లీలో 350 రూపాయలకి అలాంటి మీటరే ఒకటి కొనుక్కున్నాను.