సగం పనైన సరుకు అదుపు: మూడు పద్ధతులూ వాడి చూశాక

బాలానగర్‌లో పంపు షాఫ్టులు చేసే చిన్న మిషన్ షాపులో తొమ్మిదేళ్లుగా ప్రొడక్షన్ చూస్తున్నాను. మొదట్లో మాది ఎంఆర్‌పీ, అంటే మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్: ఏ సరుకు ఎప్పుడు కావాలో కంప్యూటర్ లెక్కగట్టే పద్ధతి. కంప్యూటర్ ఇచ్చిన తేదీ ప్రకారం రాడ్ కోసి లేత్‌కి తోసేయడమే. రోజుకు 40 షాఫ్టులు బయటికెళ్తుంటే నేల మీద 600 పడుండేవి. లైన్‌లో ఉన్న సరుకును రోజుకు బయటికెళ్లే సరుకుతో భాగిస్తే ఒక ముక్కకు సగటున పట్టే రోజులొస్తాయి; ఇదే లిటిల్ సూత్రం. ఆ లెక్కన 600ని 40తో భాగించండి: 15 రోజులు. కస్టమర్‌కేమో వారమని చెప్పేవాళ్లం.

ఒకసారి బేరింగ్ కూర్చునేచోట గ్రైండింగ్ అలవెన్స్ (గ్రైండర్ అరగదీయడానికి ఉంచాల్సిన కాస్త మందం) వదలకుండా లేత్‌లోనే సైజుకు తెచ్చేశారు. మొదటి ముక్క గ్రైండర్ ఎక్కేసరికి వెనకాల 180 అలాగే తయారై ఉన్నాయి. అన్నీ స్క్రాప్. ఆ ట్రేలు చూసి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తర్వాత టయోటా వాళ్ల కాన్‌బాన్ పెట్టాం. ఇందులో ఒక్కో సైజు ట్రేకి ఒక్కో కార్డు ఉంటుంది. తర్వాతి మిషన్ వాడుకున్నంతే ముందు మిషన్ చేయాలి. తరచూ వచ్చే నాలుగు సైజులకు చక్కగా నడిచింది. కానీ మావి 60 సైజులు. ఏడాదికి రెండుసార్లు అడిగే సైజుకి కూడా ప్రతి మిషన్ మధ్యా ఓ ట్రే నింపి ఉంచాలంటే ర్యాకులు ఎక్కడివి?

మాకు కలిసొచ్చింది కాన్‌విప్, అంటే లైన్‌లో సగం పనైన సరుకును ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంచడం. 1990లో స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ ప్రతిపాదించిన పద్ధతి. ఇందులో కార్డు సైజుకు కాదు, లైన్ మొత్తానికి. ట్రే తనిఖీ దాటగానే దాని కార్డు రాడ్ కోసే రంపం దగ్గరికి తిరిగొస్తుంది. ప్లాన్‌లో తర్వాత ఏ సైజుంటే అది మొదలవుతుంది. ట్రేకి 20 షాఫ్టులు. 20 కార్డులతో మొదలుపెట్టి వారానికొకటి తీసేస్తూ వచ్చాం. పదికి దిగేసరికి గ్రైండర్‌కి పని కరువైంది. 12 దగ్గర స్థిరపడ్డాం: 240 షాఫ్టులు, ఆరు రోజులు.

కష్టం ఒకటుంది. కార్డు లేకపోతే లేత్ ఆగాలి. ఆగిన లేత్‌ను చూసి మా ఓనర్‌గారు తట్టుకోలేకపోయేవారు. నైట్ షిఫ్టులో కార్డు లేకుండానే ట్రేలు మొదలయ్యేవి. కార్డు లేనప్పుడు ఖాళీగా ఉండకుండా లేత్ కుర్రాళ్లకు గ్రైండింగ్ నేర్పాకే అది ఆగింది.

ఆ నాలుగు సైజులకు డిస్పాచ్ ర్యాకులో కాన్‌బాన్ అలాగే ఉంచాం. ట్రే ఖాళీ అయితేనే ఆ సైజు ప్లాన్‌లోకెక్కుతుంది. ఎంఆర్‌పీ ఇప్పుడు రాడ్ కొనడానికే. అర్జంటు ఆర్డర్లకు ఆ పన్నెండులోనే ఒక ఎర్ర కార్డు పెట్టాను. ఎవరడిగినా రెండోది ఇవ్వను.