కర్మస్థానంలో ‘ప్రతి’: పదాన్ని జరపాలా, టైపు మార్చాలా?

పదాల అర్థాలను ఒకదానికొకటి అందిస్తూ వాక్యార్థం కట్టే అర్థశాస్త్ర పద్ధతి ఒకటుంది. అందులో ప్రతి పదానికీ ఒక ‘టైపు’ ఉంటుంది, అది ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెబుతుంది. ‘సీత నవ్వింది’ లెక్క తేలిక. ‘సీత’ టైపు ఇ, అంటే ఒక వ్యక్తి (లేదా వస్తువు). ‘నవ్వింది’ టైపు ⟨ఇ,టి⟩: వ్యక్తిని అందిస్తే నిజమో అబద్ధమో (టి) తేల్చే ఫంక్షన్. ‘ప్రతి విద్యార్థీ నవ్వాడు’లో పాత్రలు తారుమారవుతాయి. ‘ప్రతి విద్యార్థీ’ ఏ ఒక్క వ్యక్తీ కాదు. దాని టైపు ⟨⟨ఇ,టి⟩,టి⟩ కాబట్టి తానే క్రియను మింగి టి ఇస్తుంది.

చిక్కు కర్మ దగ్గర. ‘సీత ప్రతి పుస్తకాన్నీ చదివింది’లో ‘చదివింది’ టైపు ⟨ఇ,⟨ఇ,టి⟩⟩: ముందు చదివిన వస్తువును, తర్వాత చదివిన వ్యక్తిని తీసుకుని టి ఇస్తుంది. దానికి ఇ కావాలి, ‘ప్రతి పుస్తకాన్నీ’కి ⟨ఇ,టి⟩ కావాలి. ఒకరు అడిగేది రెండోవారి దగ్గర లేదు.

జరిపే పద్ధతి భాషావేత్త రాబర్ట్ మే 1977 నాటి పరిశోధనతో స్థిరపడింది. కర్మను వాక్యం పైకి తీసి, ఖాళీలో ఇ టైపు చలరాశి ‘క’ పెట్టాలి. ‘సీత క-ను చదివింది’ ఇప్పుడు టి. దాని ముందు λక (‘క’ స్థానంలో ఏదైనా అందించవచ్చని చెప్పి వాక్యాన్ని ఫంక్షన్‌గా మార్చే గుర్తు, ‘లాంబ్డా’) చేర్చితే ⟨ఇ,టి⟩ అవుతుంది, పైనున్న కర్మ దాన్ని తీసుకుంటుంది. కొత్తవాళ్లు తప్పేది ఈ λ దగ్గరే: అది మరిచిపోతే కింద టి మిగిలి లెక్క ఆగిపోతుంది.

టైపు మార్చే పద్ధతిలో ఏదీ కదలదు. కర్మకే ⟨⟨ఇ,⟨ఇ,టి⟩⟩,⟨ఇ,టి⟩⟩ ఇస్తే అది క్రియను తీసుకుని ⟨ఇ,టి⟩ ఇస్తుంది, సీత చేరితే టి. ఒకే క్వాంటిఫయర్ (‘ప్రతి పుస్తకం’, ‘ఒక విద్యార్థి’ లాంటి పదబంధం) ఉంటే నేను దీన్నే వాడతాను, రెండు మెట్లలో పని అయిపోతుంది. ఎవరికి, ఏమిటి అని రెండూ అడిగే ‘ఇచ్చింది’ లాంటి క్రియ వస్తే మాత్రం ఇంకో టైపు రాసుకోవాలి.

‘ఒక విద్యార్థి ప్రతి పుస్తకాన్నీ చదివాడు’లో ఈ మార్పు ‘అన్నీ చదివిన విద్యార్థి ఒకడున్నాడు’ అనే అర్థమే ఇస్తుంది. పుస్తకానికో విద్యార్థి అనే అర్థం రావాలంటే క్రియ టైపునూ పెంచాలి. జరిపితే రెండర్థాలూ వాటంతటవే వస్తాయి. అయితే ఆ రెండో అర్థం కావాలంటే తెలుగులో మనం ‘ప్రతి పుస్తకాన్నీ ఎవరో ఒక విద్యార్థి చదివాడు’ అని కర్మను పైకి వినబడేలానే ముందుకు తెస్తాం. కనబడని కదలికకు పగ్గం లేకపోతే మన చెవికి సులువుగా తట్టని అర్థాలూ వచ్చిపడతాయి.

‘సీతా, కొందరు విద్యార్థులూ నవ్వారు’లో జరపడం పనికిరాదు. జోడించే రెండింటికీ ఒకే టైపు ఉండాలి కాబట్టి సీతను ⟨⟨ఇ,టి⟩,టి⟩కి, అంటే ‘సీతకున్న గుణాలన్నీ’ అనే సమితికి, ఎత్తాలి. తర్కవేత్త రిచర్డ్ మాంటేగ్, 1973లో అచ్చైన వ్యాసంలో, పేర్లకు మొదటినుంచీ ఈ పెద్ద టైపే ఇచ్చాడు. భాషావేత్త బార్బరా పార్టి 1987లో నామపదబంధాలకు ఇ, ⟨ఇ,టి⟩, ⟨⟨ఇ,టి⟩,టి⟩ మూడింటినీ ఒప్పుకుని, ఒకదాన్నుంచి మరొకదానికి వెళ్లే నియమాలు రాసింది. ‘సీత నవ్వింది’ లాంటి వాక్యానికి అంత ఎత్తు అక్కర్లేదు.