ఆర్‌జీబీ ట్యూబూ, జిలెటిన్ షీట్లూ: షార్ట్ ఫిల్ములకు వాడి చూశాక

ఫిల్మ్ కోర్సులో చేరినప్పటి నుంచి మా షార్ట్ ఫిల్ముల రంగు లైటింగంతా రెండు వస్తువుల మీదే నడుస్తోంది. ఒకటి చార్జింగ్ పెట్టుకుని వాడే రెండడుగుల ఆర్‌జీబీ ట్యూబ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి రకరకాల రంగులిచ్చే ఎల్ఈడీ లైటు), చవక రకం. రెండోది జిలెటిన్ షీట్లు, అంటే లైటు ముందు కట్టే, వెలుగు దూరే రంగు షీట్లు. వాటికి తోడు హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దెకు తెచ్చే హాలోజన్ లైట్లు. రెండూ పనికొస్తాయి. రంగు వేస్తే చాలు మూడ్ దానంతట అదే వచ్చేస్తుందనుకుని కొంటే మాత్రం డబ్బు దండగ.

ట్యూబ్‌తో సుఖం ఏమిటంటే వైరు గొడవ లేదు. ఫ్రిజ్ వెనకో, కారు సీటు కిందో, మంచం పక్కనో దూర్చేయొచ్చు. ఫోన్‌లో వేలు జరిపితే రంగు మారుతుంది. కానీ దాని పసుపు నాకు ఇప్పటికీ నచ్చదు. అది ఎరుపూ ఆకుపచ్చా కలిపి పుట్టించిన పసుపు, దాని కింద మనిషి చర్మం పేషెంట్ చర్మంలా పాలిపోతుంది. డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుగులో వస్తువుల రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 95 అని ఉంటుంది. ఆ అంకె తెల్ల లైటుకే, రంగులకు వర్తించదు. వెలుగు బాగా తగ్గిస్తే కెమెరాలో చారలు పరిగెడతాయి. అందుకే తగ్గించడం మానేసి, లైటుని దూరం జరిపి బటర్ పేపర్ అడ్డం పెడుతున్నాం.

జిలెటిన్ రంగు కలపదు, అక్కర్లేని రంగుల్ని ఆపేస్తుంది. ఆ మేరకు వెలుగు పోతుంది. హాలోజన్‌ని పగటి వెలుగులా మార్చే ఫుల్ బ్లూ షీట్ వేస్తే మూడో వంతు వెలుగే బయటికొస్తుంది. ముదురు నీలం, ఊదా షీట్లయితే ఇంకా పిసినారివి. స్టేషనరీ షాపు రంగు కాగితాన్ని హాలోజన్ ముందు కట్టొద్దు, కరిగి కంపు కొడుతుంది. ఎల్ఈడీ బల్బుకైతే పర్వాలేదు. ఇంత చెప్పినా, గోరువెచ్చటి ఆరెంజ్ కావాలంటే నేను ఇప్పటికీ హాలోజన్‌కి లేత షీటే కడతాను. దాని కింద ముఖం బతికి ఉంటుంది.

అసలు తిప్పలు ముఖం దగ్గరే. ఎర్ర లైటులో మొటిమలూ మచ్చలూ మాయమవుతాయి. సంతోషించేలోపు పెదాలు కూడా చర్మంలో కలిసిపోతాయి. ఎర్ర కుంకుమ బొట్టు అసలు కనపడదు. అదే బొట్టు నీలం లైటులో నల్లగా తేలుతుంది. మన కథల్లో బొట్టు ఉండటం, లేకపోవడం చిన్న విషయం కాదు కదా. అమ్మ పాత్రని ఎర్ర లైటులో కూర్చోబెడితే చూసేవాళ్లు కథలో లేని అర్థం ఊహించుకుంటారు. మేం ఇలాంటి సీన్లకు నల్ల స్టిక్కర్ వాడుతున్నాం. చామనఛాయ ముఖాలకు మరో సంగతి ఉంది. మన చర్మం నీలం వెలుగుని తక్కువగా తిరగ్గొడుతుంది. పూర్తి నీలంలో చెంపలూ ముక్కూ తేడా లేకుండా ఒకే చీకటి ముద్ద అవుతాయి. నీలాన్ని వెనక నుంచి జుట్టు మీదా భుజం మీదా పడనిచ్చి, ముఖానికి ముందు నుంచి కొంచెం తెల్ల వెలుగు థర్మాకోల్ మీద కొట్టించి ఇస్తే కళ్లు కనపడతాయి. కళ్లు కనపడకపోతే ఏ మూడ్ ఎవరికి చేరుతుంది?

ఫ్రేమంతా ఒకే రంగు నింపితే ఇంకో ఇబ్బంది. కాసేపటికి కన్ను అలవాటు పడి ఆ రంగుని పట్టించుకోవడం మానేస్తుంది. మూలన ఒక మామూలు బల్బో, తలుపు సందులోంచి వంటింటి వెలుగో ఉంటే నీలం నీలంగా నిలబడుతుంది. పైగా ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోందో కథలో సాకు ఉండాలి. సాకులకు మన దగ్గర కరువు లేదు: పడగ్గదిలో జీరో బల్బు, పూజగదిలో ఎర్ర కరెంటు దీపం, పెళ్లింటి సీరియల్ సెట్, మెడికల్ షాపు పచ్చ ప్లస్ గుర్తు, నైట్ సర్వీస్ బస్సులో నీలం లైటు. జీరో బల్బు ఒకటి ఫ్రేమ్‌లో చూపించి, దాని రంగునే ట్యూబ్‌తో పెంచితే అంత నీలం ఎందుకని ఎవరూ అడగరు. అది లేకుండా గోడ మీద ఊదా రంగు పులిమితే పబ్ సీన్ అనుకుంటారు, హీరో హాస్టల్ గదిలో ఏడుస్తున్నా సరే.

ఎరుపంటే ప్రేమ, నీలమంటే దిగులు అనే పట్టికల మీద నాకు నమ్మకం తక్కువ. నాట్యశాస్త్రం ఎరుపుని రౌద్రానికిచ్చింది, శృంగారానికి శ్యామవర్ణం చెప్పింది. ఎర్ర లైటులో మేం ఒక అలక సీనూ తీశాం, ఒక గొడవ సీనూ తీశాం. రెండూ కుదిరాయి, ఎందుకంటే రెండిట్లోనూ నటించినమ్మాయి బాగా చేసింది.

కెమెరా సంగతి క్లుప్తంగా. తెలుపు ఏదో కెమెరానే తేల్చుకుని రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి, లేకపోతే మీరు కష్టపడి వేసిన రంగుని అదే సగం తుడిచేస్తుంది. సెకనుకు 24 ఫ్రేములకు షట్టర్ 1/50 సెకను పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుతో ఇంటి బల్బులు మినుకుమినుకుమనవు. ఎర్ర లైటులో మొత్తం ఎక్స్‌పోజర్ తక్కువే ఉన్నట్టు కనిపించినా ఎరుపు చానెల్ ఒక్కటే నిండి పొంగిపోతుంది, మూడు రంగుల మోతాదునీ విడివిడిగా చూపించే ఆర్‌జీబీ పరేడ్ గ్రాఫ్ చూసుకోవాలి. రంగు ఛాయలు తక్కువగా నమోదయ్యే 8 బిట్‌లో తీస్తే నీలం గోడ మీద మెట్లు మెట్లుగా గీతలొస్తాయి. అప్‌లోడ్ చేశాక అవి ఇంకా ఎక్కువ కనపడతాయి.

మొదటిసారి కొనేవాళ్లు రంగుల ఎల్ఈడీలతో పాటు విడిగా తెల్ల ఎల్ఈడీలు కూడా ఉన్న ట్యూబే తీసుకోండి, కొంచెం ఖర్చెక్కువైనా సరే. రెండో ట్యూబ్‌కి తొందరేం లేదు. ఆ డబ్బుతో లేత ఆరెంజ్, ఫుల్ బ్లూ షీట్లు, రెండు మంచి స్టాండ్లు కొనుక్కోండి. మా బ్యాచ్‌లో ఇప్పటికీ స్టాండ్ల కోసమే కొట్లాట.