పవర్ లిమిట్ తగ్గించాలా, క్లాక్ లాక్ చెయ్యాలా?

అమలాపురం, భీమవరం వైపు మే ఉక్కపోతలో లైనక్స్ మీద ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు హ్యాంగ్ అవుతుంటే ఈ రెండూ చూడొచ్చండి. పవర్ లిమిట్ అంటే కార్డు వాడుకునే కరెంటుకి పై హద్దు, క్లాక్ లాక్ అంటే కార్డు నడిచే వేగాన్ని (క్లాక్‌ని) మనం చెప్పిన హద్దుల్లో కట్టేయడం.

ఖర్చు: రెండిటికీ పైసా లేదు, ఎన్విడియా-ఎస్ఎంఐ (డ్రైవర్‌తో వచ్చే కమాండు), సుడో (అడ్మిన్ హక్కులు) ఉంటే చాలు.

శ్రమ: పవర్ లిమిట్‌కి వాట్లలో ఒక్క నంబరు ఇస్తే సరి, లాక్‌కి మాత్రం ఎక్కడ నిలబడుద్దో మెగాహెర్ట్జ్ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ చూస్కోవాలి, ఓపిక కావాలి. రీబూట్ చేస్తే రెండూ పోతాయి, ఆన్ చేసినప్పుడల్లా వాటంతటవే పడేలా సిస్టమ్‌డీ సర్వీసు రాసుకోండి.

రిస్క్: చాలా ల్యాప్‌టాపుల్లో పవర్ లిమిట్ మార్చనివ్వదు. లాక్‌లో కనీస క్లాక్ కూడా పైనే పెడితే కార్డు ఖాళీగా ఉన్నా వేడెక్కుద్ది.

వేడి, ఫ్యాను మోత బాధైతే పవర్ లిమిట్టే. చల్లగా ఉన్నా క్లాక్ పైకెళ్ళగానే కార్డు హ్యాంగ్ అవుతోందంటే లాక్. కెర్నల్ లాగ్‌లో ఎక్స్ఐడీ 79 (కార్డుతో సిస్టమ్‌కి లింకు తెగిపోయిందనే ఎర్రర్) పదేపదే వస్తుంటే మాత్రం ముందు పవర్ కేబులు, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), స్లాటు చూడండి.