లిస్బన్ గుర్రపు బగ్గీల మ్యూజియం: వెనక వైపుకి వెళ్లి చూడండి

పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లిన మనవాళ్లు చాలామంది అక్కడి బెలేం అనే పేటలో దిగి, టవర్ దగ్గర ఒక ఫొటో, మఠం దగ్గర ఇంకో ఫొటో దిగి, క్యూలో నిలబడి ఆ గుడ్డు టార్టులు తినేసి వచ్చేస్తారు. దారిలోనే ఉన్న నేషనల్ కోచ్ మ్యూజియం దగ్గరికొచ్చేసరికి మాత్రం పాత బండ్లే కదా అని వదిలేస్తారు. నన్నడిగితే బెలేంలో ఒక్కచోటికే టికెట్ కొనాలంటే దీనికే కొనండి.

ఎదురుగా ఉన్న చౌకులో ఎత్తైన స్తంభం మీద అల్బుకెర్క్ విగ్రహం ఉంటుంది, 1510లో గోవాను పట్టుకున్న ఆ పోర్చుగీసు అల్బుకెర్కే. అది చూసి లోపలికి వెళ్తే మంచిది, లోపలి కథ కూడా కొంత మనదే కాబట్టి.

బండ్లు చాలావరకు కాలం వరసలో ఉంటాయి. మొదట్లోనే రెండో ఫిలిప్ రాజు బండి కనిపిస్తుంది (అప్పట్లో స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ రాజు ఒక్కడే, స్పెయిన్ లెక్కలో ఈయనే మూడో ఫిలిప్, కంగారు పడకండి). 1619లో ఆయన లిస్బన్ వచ్చినప్పటిదని చెబుతారు. బయటంతా నల్ల తోలు, లోపల మాత్రం పైకప్పు దాకా ఎంబ్రాయిడరీ. స్ప్రింగులు లేని కాలం కాబట్టి మనుషులు కూర్చునే పెట్టెను తోలు పట్టీలతో వేలాడదీశారు, ఆ రోడ్ల మీద అందులో కూర్చున్నవాళ్ల నడుములు ఏమయ్యాయో ఊహించుకోవచ్చు. ముందుకి వెళ్లేకొద్దీ ఇనుప స్ప్రింగులు వస్తాయి, బండ్లు తేలికపడతాయి. మనుషులు మోసే కుర్చీలు, ముందొక కంచరగాడిద వెనకొక కంచరగాడిద కట్టే పల్లకీలు కూడా ఉన్నాయి, అవి చూస్తూ వెళ్లిపోవచ్చు.

ఆగాల్సింది 1716 నాటి మూడు బండ్ల దగ్గర. బ్రెజిల్ బంగారంతో డబ్బు పొంగిపొర్లుతున్న ఐదో జువావ్ రాజు, పోప్ పదకొండో క్లెమెంట్ దగ్గరికి రాయబారిని పంపినప్పుడు రోమ్‌లో చేయించిన ఊరేగింపు బండ్లవి. చుట్టూ నిలువెత్తు బంగారు బొమ్మలు, అసలు వీటిని బండి అనడం కంటే ఉత్సవ రథం అంటేనే సరిపోతుంది. అందరూ ముందు నుంచి ఒక ఫొటో తీసుకుని కదిలిపోతున్నారు, కానీ చెక్కుడు పని గొప్పదనమంతా వెనక వైపే ఉంది. ఒక బండి వెనక అట్లాంటిక్, హిందూ మహాసముద్రం మనుషుల రూపంలో కూర్చుని చేతులు కలుపుతుంటాయి, అంటే ఆఫ్రికా కొస చుట్టి ఇండియాకి దారి కనిపెట్టింది మేమేనని పోప్ ముందు, రోమ్ జనం ముందు చాటుకోవడమన్నమాట. దాని జోడీ బండి వెనక లిస్బన్ నగరం దేవతలా కిరీటం పెట్టించుకుంటూ ఉంటుంది, ఆమె కాళ్ల దగ్గర ఇద్దరు బానిసలు, ఒకరు ఆఫ్రికా, ఇంకొకరు ఆసియా. ఇది చూశాక ఆ షేక్‌హ్యాండ్ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. పనితనానికి దండం పెట్టాలనిపిస్తుంది, ఒళ్లూ మండుతుంది, నాకైతే రెండూ ఒకేసారి జరిగాయి.

ఇంకొకటి అస్సలు మిస్ కావద్దు, అది చూడ్డానికి మామూలు నల్ల బండి, బంగారం గింగారం ఏమీ లేదు. 1908 ఫిబ్రవరి 1న కార్లోస్ రాజు కుటుంబంతో ఊరి నుంచి తిరిగొచ్చి ఈ టాప్ లేని బండిలో నది ఒడ్డు చౌకు దాటుతుంటే కాల్పులు జరిగాయి, రాజూ పెద్ద కొడుకూ చనిపోయారు. తూటాల రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి, దగ్గరికి వెళ్లి చూడండి. అదే బండిలో ఉండి బతికి బయటపడిన రాణి అమేలియానే 1905లో ఈ మ్యూజియం పెట్టించింది! రాజుల బండ్లు పాడైపోకుండా కాపాడాలని ఆవిడ మొదలుపెడితే మూడేళ్లకే సొంత ఇంటి బండి ఇలా అయింది, 1910కల్లా రాజరికమే పోయింది.

బిల్డింగ్ సంగతికొస్తే నాకు సగమే నచ్చింది. 2015లో తెరిచిన ఈ కొత్త భవనం డిజైన్ బ్రెజిల్ ఆర్కిటెక్ట్ పావులో మెండెస్ ద రోషాది, పెద్ద పేరున్నాయన. స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద తెల్ల పెట్టె. లోపల చోటుకి కొదవ లేదు, ప్రతి బండి చుట్టూ తిరగొచ్చు, నేను చెప్పిన వెనక వైపు చూడ్డానికి అదే వీలు. కాకపోతే ఆ బోసి తెల్ల గోడల మధ్య బండ్లకి ఊరూ వాడా లేనట్టు ఉంటుంది, గుర్రాల సందడి అస్సలు ఊహకి రాదు. దగ్గర్లోనే ఉన్న పాత భవనం ఒకప్పుడు రాచకుటుంబం గుర్రపుస్వారీ శాల, పైకప్పు నిండా బొమ్మలు, అందం దానిదే. అది తెరిచి ఉందో లేదో టికెట్ కౌంటర్లో అడిగి, ఉంటే రెండూ చూడండి.

చరిత్ర మీద ఏమాత్రం ఆసక్తి లేని పిల్లలైతే అరగంటకే ఇక పోదాం పదమంటారు, మిగతావాళ్లు రెండు గంటలు పెట్టుకోండి. సోమవారం సెలవు. ట్రామ్ 15 ఎదురుగానే ఆగుతుంది గానీ టూరిస్టులతో కిక్కిరిసి ఉంటుంది, కైష్ దు సొద్రె స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కి బెలేంలో దిగితే హాయిగా నడిచి వెళ్లిపోవచ్చు.