బెజవాడ నుంచి గుంటూరు దాకా: తక్కువ కార్బన్ ఇళ్లు చూడటానికి రెండు రోజుల తిరుగుడు

విజయవాడ, గుంటూరు మధ్య ఫ్లాట్ కొనడానికి వచ్చేవాళ్లు మామూలుగా మోడల్ ఫ్లాట్ చూసి, బ్రోచర్ పట్టుకుని వెళ్లిపోతారు. ‘గ్రీన్ హోమ్స్’, ‘నెట్ జీరో’ (వాడే కరెంటంతా ఇల్లే తయారు చేసుకుంటుందని) అని బోర్డు పెట్టిన వెంచర్లకు ఆ చూపు చాలదు. ఇంటి కార్బన్‌లో, అంటే ఇల్లు కట్టడానికీ వాడటానికీ గాల్లోకి వెళ్లే కార్బన్ డయాక్సైడ్‌లో, పెద్ద వాటా సిమెంటులో, ఇనుములో, పడమటి గోడలో, డాబాలో ఉంటుంది. ఇవేవీ మోడల్ ఫ్లాట్‌లో కనపడవు. అందుకే మూడు రకాల చోట్లు చూడాలి. మొదట ఇటుక తయారయ్యే చోటు, తర్వాత స్లాబులు పడుతున్న సైటు, ఆపైన అదే బిల్డర్ మూడు నాలుగేళ్ల కిందట అప్పగించిన, కాపురాలు ఉంటున్న అపార్ట్‌మెంట్. బిల్డర్ ఏటికేడు మెరుగుపడ్డాడా లేదా అన్నది ఈ మూడూ చూశాకే తేలుతుంది.

ఎండాకాలంలో రావడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక పడమటి గది అసలు స్వరూపం బయటపడుతుంది. డిసెంబరులో చూస్తే ప్రతి ఇల్లూ చల్లగానే ఉంటుంది. ఆదివారం మాత్రం వద్దు, సైట్లలో పని ఉండదు.

బస గాంధీనగర్, గవర్నర్‌పేట లాడ్జీల్లో పెట్టుకుంటే రైల్వే స్టేషనూ పండిట్ నెహ్రూ బస్టాండూ దగ్గర, ఇబ్రహీంపట్నం వైపు వెళ్లడమూ తేలిక. గదులు పాతవి, రోడ్డు శబ్దం ఎక్కువ. బెంజ్ సర్కిల్ వైపు హోటళ్లు శుభ్రంగా ఉంటాయి, గుంటూరు రోడ్డుకు అనుకూలం, కానీ మొదటి రోజు ఉదయం ఊరంతా దాటాలి. తిరుగుడుకు ముందటి రాత్రి గాంధీనగర్‌లో, మొదటి రోజు తిరిగొచ్చాక రెండో రాత్రి తాడేపల్లి వైపు అద్దెకిచ్చే ఫర్నిష్డ్ ఫ్లాట్‌లో ఉండటమే మా ఓటు. ఎందుకో కింద చెప్తాం.

మొదటి మజిలీ ఇబ్రహీంపట్నం. హైదరాబాద్ హైవే మీద గొల్లపూడి దాటి వెళ్లాలి. సిటీ బస్సు చాలు, లోపలి యూనిట్లకు మాత్రం ఆటో కావాలి. అక్కడి నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, జనం నోట వీటీపీఎస్, వదిలే బూడిదే చుట్టుపక్కల ఇటుక యూనిట్లకు ముడిసరుకు. బొగ్గు, ఊక పెట్టి కాల్చే ఎర్ర ఇటుకతో పోలిస్తే ఈ ఇటుకకు బట్టీ అక్కర్లేదు, లాభమంతా అక్కడే. పాళ్లు సుమారుగా బూడిద 50–60 శాతం, క్వారీ డస్ట్ 30–40, సిమెంటు 8–10. సిమెంటు లేకుండా సున్నం, జిప్సంతో చేసే ఫాల్‌జీ పద్ధతి మన విశాఖపట్నంలోనే రూపుదిద్దుకుంది.

ఇక్కడ చూడాల్సింది మిషన్ కాదు, క్యూరింగ్ యార్డు. ప్రెస్ నుంచి దిగిన ఇటుక ఒకటి రెండు రోజులు ఆరాక రెండు మూడు వారాలు తడుస్తూ ఉండాలి. గిరాకీ ఎక్కువైతే వారానికే లారీ ఎక్కించేస్తారు. అలాంటి ఇటుక మూలలు రాలుతుంది, గోడ కట్టాక కుంచించుకుపోతుంది, ప్లాస్టరింగ్ మీద జాలీలా పగుళ్లు తేలతాయి. పరీక్షకు మేస్త్రీ అక్కర్లేదు. గోరుతో గీస్తే గీత పడకూడదు, రెండు ఇటుకలు కొట్టుకుంటే ఖంగుమనాలి, నడుము ఎత్తు నుంచి నేల మీదికి వదిలితే ముక్కలు కాకూడదు. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి మళ్లీ తూస్తే పెరిగిన బరువు 20 శాతం దాటకూడదు. బూడిద ఇటుకల భారత ప్రమాణం ఐఎస్ 12894 మామూలు తరగతులకు పెట్టిన హద్దు అదే. రెండు మూడు ఇటుకలు గదికి తెచ్చుకుని రాత్రి బకెట్‌లో వేస్తే మర్నాడు అదే వేళకు సంగతి తెలిసిపోతుంది. మాస్కు లేకుండా మాత్రం యార్డులోకి అడుగుపెట్టొద్దు.

తిరుగు దారిలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఒక గంట కేటాయించండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తిన ప్రాంతాలివి. మునిగిన ఇంట్లో తలుపులు, ఎలక్ట్రికల్ లైను, ప్లాస్టరింగ్ మళ్లీ చేయించుకోవాలంటే ముందు ఆదా చేసిన కార్బన్ అంతా తిరిగి ఖర్చయినట్టే. స్టిల్ట్ ఎత్తు, మెయిన్ ప్యానెల్ బోర్డు, జనరేటర్, సోలార్ ఇన్వర్టర్ నేల నుంచి ఎంత ఎత్తులో పెట్టారో గోడ మీద మిగిలిన నీటి గీతతో పోల్చి చూడండి. ఏ గ్రీన్ రేటింగూ ఈ సంగతి చెప్పదు.

రెండో రోజు వారధి దాటి తాడేపల్లి, కుంచనపల్లి, మంగళగిరి సైట్లు. గుంటూరు బస్సులు హైవే మీద వదులుతాయి, సైట్లు లోపలికి ఉంటాయి కాబట్టి రోజంతటికీ ఆటో మాట్లాడుకోవడం నయం. సేల్స్ మనిషిని కాదు, సైట్ ఇంజినీరును అడగాలి. మొదట సిమెంటు గోడౌన్ చూపించమనండి. బస్తా మీద ఓపీసీనా (మామూలు సిమెంటు), పీపీసీనా (బూడిద కలిపినది), పీఎస్‌సీనా (స్లాగ్ అనే ఇనుప కొలిమి చిట్టెం కలిపినది) అన్నదీ, తయారైన వారమూ సంవత్సరమూ అచ్చు వేసి ఉంటాయి. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉంటుంది, ఆ మేరకు క్లింకర్, అంటే సున్నపురాయిని బట్టీలో కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు, తగ్గుతుంది. క్లింకర్ తయారీలోనే కార్బన్ పుడుతుంది, టన్నుకు సుమారు 0.85 టన్నులు. రెడీమిక్స్ వాడే సైటైతే లారీతో వచ్చే బ్యాచ్ స్లిప్ అడగండి. ఘనపు మీటరుకు సిమెంటు ఎన్ని కిలోలు, ఫ్లై యాష్ ఎన్ని, స్లాగ్ ఎన్ని అని విడివిడిగా ఉంటుంది.

లెక్క వేసుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. వెయ్యి చదరపు అడుగులకు బస్తాలు 400 అనుకుందాం, అంటే 20 టన్నుల సిమెంటు. అంతా ఓపీసీ అయితే సిమెంటు వల్లే సుమారు 16 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మూడో వంతు బూడిద ఉన్న పీపీసీ అయితే 11 టన్నుల చుట్టూ. ఇనుము చదరపు అడుగుకు 4 కిలోల చొప్పున 4 టన్నులు. బ్లాస్ట్ ఫర్నేస్ ఇనుమైతే టన్నుకు రెండు టన్నుల పైమాటే, అంటే మరో 8–9 టన్నులు. తుక్కు కరిగించి చేసిన ఇనుముకు ఇది బాగా తగ్గుతుంది. ఒక్క సిమెంటు రకం మార్చడంతో ఫ్లాటుకు దాదాపు 5 టన్నులు మిగులుతుంటే, బ్రోచర్‌లో ఆ ముక్కే ఉండదు. గార్డెన్ గురించి రెండు పేజీలుంటాయి.

పీపీసీతో వచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని దాచకూడదు. తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. ఓపీసీ అలవాటుతో ఏడో రోజే సెంట్రింగ్ విప్పితే స్లాబు వంగుతుంది, అడుగున సన్న పగుళ్లు వస్తాయి. కనీసం 10 రోజులు, ఎండల్లో 14 రోజులు స్లాబు తడిగా ఉండాలి. అందుకే మీరు వెళ్లినప్పుడు వారం కిందట పోసిన స్లాబు ఎక్కండి. ఇసుక గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారా, గోనెపట్టాలు తడిగా ఉన్నాయా చూడండి. పొడిబారి తెల్లగా కనిపిస్తే ఆ బిల్డర్ వాడేది ఏ సిమెంటైనా ఒకటే.

ఈ మధ్య మివాన్ షట్టరింగ్‌తో, అంటే అల్యూమినియం అచ్చులతో, గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. పని త్వరగా అవుతుంది, ప్లాస్టరింగ్ తప్పుతుంది. కానీ కాంక్రీటు, ఇనుము పెరుగుతాయి, పైగా 150 మి.మీ. కాంక్రీటు గోడ యూ విలువ (గోడ గుండా లోపలికొచ్చే వేడికి కొలత, తక్కువైతే మేలు) మూడు దాటుతుంది. బూడిద ఇటుకతో కట్టిన 9 అంగుళాల గోడకు అది రెండు చుట్టూ, 200 మి.మీ. ఏఏసీ బ్లాకుకు (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు దిమ్మ) 0.8 లోపు. ఇళ్లలో కరెంటు ఆదాకు కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం గోడలు, కిటికీల ద్వారా లోపలికొచ్చే వేడి, ఆర్‌ఈటీవీ అంటారు, చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. మివాన్ టవర్‌కు ‘గ్రీన్’ పేరు పెట్టిన చోట ఆ లెక్క కాగితం మీద చూపించమనండి.

ఏఏసీ బ్లాకులు చల్లగా ఉంటాయి, తేలిక కూడా. పగుళ్ల ఫిర్యాదులు చాలావరకు కట్టే తీరువల్లే. మామూలు సిమెంటు మాలుతో అంగుళం మందాన అతకడం, బ్లాకును నానబెట్టి పెట్టడం, పైవరసను వెంటనే బీముకు బిగించేయడం తప్పులు. 3 మి.మీ. అతుకు, బ్లాకులకు ప్రత్యేకంగా అమ్మే గమ్ మాలు, పిల్లరూ గోడా కలిసే చోట రెండు వైపులా ఆరంగుళాల చొప్పున మెష్, పైన ఖాళీ వదిలి గోడ కుదురుకున్నాక పూడ్చడం ఉండాలి. ప్లాస్టరింగ్ కాని అంతస్తులో ఇవన్నీ కంటికి కనపడతాయి.

నేల సంగతి కూడా అడగాలి. తుళ్లూరు, నేలపాడు వైపు నల్లరేగడి లోతుగా ఉంటుంది, పైల్సో రాఫ్టో లాంటి భారీ పునాది తప్పదు. కృష్ణ ఒడ్డున భూగర్భ జలం పైకే ఉంటుంది కాబట్టి సెల్లార్ తవ్వితే చుట్టూ రిటైనింగ్ గోడలు, రాత్రింబవళ్లు నీళ్లు తోడే మోటార్లు. రెండు సెల్లార్లు తవ్విన టవర్ కంటే స్టిల్ట్ పార్కింగ్‌తో ఐదంతస్తులు కట్టిన ఇల్లు కార్బన్ లెక్కలో చాలా ముందుంటుంది.

ఇక రెండో రాత్రి బస. ఫర్నిష్డ్ ఫ్లాట్ అడిగేటప్పుడు పై అంతస్తులో పడమటి పడకగది కావాలని చెప్పండి. ఇచ్చేవాళ్లు ఆశ్చర్యపోతారు, అద్దె కూడా తగ్గిస్తారు. సాయంత్రం నాలుగుకోసారి, రాత్రి పదికోసారి ఏసీ వేయకముందు సీలింగ్‌నూ పడమటి గోడనూ చేత్తో తాకండి, చేతిలో ఇమిడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. పది గంటలకు కూడా సీలింగ్ గదిలో గాలికంటే వేడిగా ఉంటే పైన ఇన్సులేషన్ లేదని అర్థం. వట్టి స్లాబు యూ విలువ మూడు పైన ఉంటుంది, ఎకో నివాస్ సంహిత అడిగేది 1.2 లోపు. స్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ పలక (వేడి ఆపే గట్టి ఫోమ్) వేసి పైన టైల్ పరిస్తే ఆ 1.2లో సగానికి దిగుతుంది. అంత స్తోమత లేనివాళ్లు పిడుగురాళ్ల సున్నంతో ఏటా ఉగాది లోపు రెండు పూతలు వెల్ల వేయించుకున్నా వేడి బాగా తగ్గుతుంది. దుమ్ము పట్టాక పని చేయదు, అదొక్కటే లోపం.

డాబా ఎక్కినప్పుడే సోలార్ చూడండి. ఒక కిలోవాట్‌కు నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి. 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు ఐదు వేల అడుగుల డాబా ఉందనుకుంటే లిఫ్ట్ గది, ట్యాంకులు, మెట్లు, నడిచే దారి పోగా సగం కూడా మిగలదు. అంటే 20–25 కిలోవాట్లు, ఫ్లాటుకు రోజుకు నాలుగైదు యూనిట్లు. మే నెలలో ఏసీ నడిచే ఇంటికి ఇది చాలదు. లిఫ్టుకు, మోటారుకు, కారిడార్ దీపాలకు మాత్రం హాయిగా సరిపోతుంది. పీఎం సూర్యఘర్ కింద అపార్ట్‌మెంట్ సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది కాబట్టి పెట్టుకోవాల్సిందే. ‘నెట్ జీరో’ అని అమ్మడం వేరు. ఇంకో తప్పు తరచుగా కనిపిస్తుంది. ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరస మొత్తం దిగుబడి తగ్గుతుంది.

ఆఖరి మజిలీ గుంటూరు. గోరంట్ల, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు కొత్త సైట్లు. దారిలో బ్రాడీపేట పాత ఇళ్లు ఒకసారి చూడండి. మందపాటి గోడలు, ముందు వసారా, కిటికీకి సజ్జ. ఈ కాలపు ఎలివేషన్‌లో సజ్జ తీసేసి అద్దం పెట్టడమే పడమటి గదుల ఉడుకుకు కారణం. భోజనానికి అరండల్‌పేట మెస్‌లు చాలు.

గుంటూరులో పని కాగితాలదే. గ్రీన్ సర్టిఫికెట్ చూపిస్తే అది ప్రీ-సర్టిఫికేషనా, కట్టడం పూర్తయ్యాక వచ్చిన తుది రేటింగా అడగాలి. మొదటిది డిజైన్‌కు ఇచ్చేదే. తర్వాత బిల్డర్ గత మూడు ప్రాజెక్టుల్లో సిమెంటు, ఇనుము ఎన్ని టన్నులు వాడాడో, నిర్మించిన చదరపు మీటరుకు ఎంత పడిందో అడగండి. ‘30 శాతం తగ్గించాం’ అంటే ఏ ఏడాదితో పోల్చి అన్నది ముందు తేలాలి. భాగహారంలో సూపర్ బిల్టప్ ఏరియా వాడితే అంకె ఊరికే తగ్గుతుంది, అందుకని రెరా చెప్పే కార్పెట్ ఏరియాతో కూడా లెక్క వేయించండి. స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలకు సెబీ ఏటా ఇలాంటి నివేదిక అడుగుతుంది, మన ఊరి బిల్డర్లకు ఆ బాధ్యత లేదు కాబట్టి కొనేవాళ్లే అడగాలి. పాత అపార్ట్‌మెంట్ ఉమ్మడి మీటరు కరెంటు బిల్లులు పన్నెండు నెలలవి సంఘం కార్యదర్శి దగ్గర దొరుకుతాయి.

బ్యాచ్ స్లిప్పులు, సిమెంటు బిల్లులు సైటు ఆఫీసులో ఉంటాయి, సేల్స్ ఆఫీసులో ఉండవు. సైటు వాళ్లు చీకటి పడకముందే సర్దుకుంటారు కనుక గుంటూరు పని ఐదు లోపు ముగించుకోండి. విజయవాడకు బస్సులు రాత్రి దాకా దొరుకుతాయి.