గిరి గారి పాతిక పైసల తపాలా బిళ్ల: ఆబిడ్స్‌లో కొన్న అనుభవం

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారాలు పాత పుస్తకాలు పరిచే కాలిబాట మీద, తపాలా బిళ్లలు, పాత నాణేలు అమ్మే ఒక పెద్దాయన వద్ద వరాహగిరి వెంకటగిరి గారి బిళ్ల కొన్నాను. ఆయన రాష్ట్రపతిగా పదవీ విరమణ చేసిన 1974లో తపాలా శాఖ విడుదల చేసిన 25 పైసల బిళ్ల ఇది. ధర 40 రూపాయలు అన్నారు, బేరమాడాలనిపించలేదు.

బిళ్ల మీద ముద్ర పడలేదు, రంగులు వెలవలేదు, అంచుల పళ్లలో ఒక్కటీ విరగలేదు. వెనక ఒక మూల జిగురు పసుపు పచ్చబడిన సంగతి, నేను అడగకముందే ఆ పెద్దాయన పట్టకారుతో ఎత్తి వెలుతురులో చూపించి చెప్పారు. ఈ నిజాయితీ వల్లే ఆ కొట్టును మరొకరికి ధైర్యంగా సూచించగలను.

నాకున్న అసంతృప్తి అంతా కవరులో పెట్టిన చీటీ గురించే. దాని మీద "రాష్ట్రపతి, 1969–74" అని మాత్రమే రాసి ఉంది. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే కన్నుమూయడంతో, ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు జులై 20 వరకు 78 రోజులు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న నాకు, ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన రోజులు అవే.

బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన ఆయన, 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించారు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం సహించలేక 1954లో రాజీనామా చేశారు. ఆ తరువాత పదిహేనేళ్లకు, 1969 జులై 19న, 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద పడింది ఆయన సంతకమే. (మన ఆంధ్రా బ్యాంకు ఆ జాబితాలో లేదు, దాని వంతు 1980 ఏప్రిల్‌లో వచ్చింది.)

మరునాడే ఆయన పదవి వదులుకుని రాష్ట్రపతి ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ఉపరాష్ట్రపతి పోటీ చేయాలంటే ముందు రాజీనామా చేసి తీరాలని రాజ్యాంగం అనదు. 1962లో రాధాకృష్ణన్ గారు, 1967లో జాకిర్ హుస్సేన్ గారు ఉపరాష్ట్రపతులుగా ఉంటూనే పోటీ చేశారు. గిరి గారు మాత్రం ఓడితే చేతిలో ఏమీ మిగలని స్థితిలో, కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారితో తలపడ్డారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించాల్సి రాగా, సంజీవరెడ్డి గారికి 4,05,427 విలువ గల ఓట్లు రాగా, గిరి గారు 4,20,077తో గెలిచారు. ఆ మధ్యకాలంలో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు రాష్ట్రపతి బాధ్యతలు చూశారు.

మరుసటి ఆదివారం నేను "తాత్కాలిక రాష్ట్రపతి, 1969 మే 3 – జులై 20, రాష్ట్రపతి, 1969 ఆగస్టు 24 – 1974 ఆగస్టు 24" అని మూడు చీటీలు రాసి తీసుకెళ్లాను. ఆ పెద్దాయన కళ్లజోడు సరిచేసుకుని చదివి, తన దగ్గర మిగిలిన రెండు గిరి గారి బిళ్లల కవర్లలో పాత చీటీలు తీసి వీటిని పెట్టారు. మూడోది నా కవరులో ఉంది.